మా నరేశ్ ఆఖరిగా అన్న మాట

నేను నరేశ్ వాళ్ళ అమ్మను. వాడి ఫోన్ నుండే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం చీరలకు స్టోన్లు అంటిస్తూ కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేశారు. బట్టల మిల్లులో డ్యూటీలో ఉంటే ఆయన ఎప్పుడూ చెయ్యరు. వెనక లూమ్ చప్పుడు కూడా లేదు.

"నరేశ్ కిందవడ్డడంట. జల్ది తయారుగా."

అంతే అన్నారు.

మేం ఆస్పత్రికి పోయేసరికే అయిపోయింది.

వాని జాకెట్ ఇంకా తలుపు వెనకే తగిలించి ఉంది. చలి పెడుతుంది, వేసుకోరా అంటే, "పైన లైట్ల కాడ ఉడుకు ఉంటదే అమ్మా" అని వదిలేసి పోయాడు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. మా వాడు షోలకు లైట్లు కడతాడు. చలికాలం వస్తే సూరత్‌లో ఏ గ్రౌండ్ చూసినా స్టేజీలే. పాటల ప్రోగ్రాం, డాన్సులు, నాటకాలు, కామెడీ. పతంగుల పండుగ దాకా వానికి తీరిక ఉండదు. సీజన్ అనేవాడు.

పోయిన ఏడు నన్ను పాటల ప్రోగ్రాంకు తీసుకపోయి వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. మధ్యలో ఏం బుద్ధి పుట్టిందో, పెద్ద లైటు తిప్పి నా మీద వేశాడు. అంతమంది తిరిగి నన్నే చూశారు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "ఏందిరా, గిట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"తియ్యలేదే, ఇచ్చిన. హీరోయిన్‌కు గూడ అంత సేపు వెయ్యలే."

ఈ సీజన్ మొదలైనప్పటి నుండి మాత్రం నా మనసు మంచిగా లేదు.

లైట్లు కట్టడానికి చక్రాలున్న ఇనుప మంచె ఎక్కుతారు. దాన్ని వాళ్ళు ఘోడా అంటారు. పైన మనిషి నిలబడి ఉండగానే కింద నుండి ఇంకొకరు నెడతారు. పోయిన వారం అరచెయ్యి తోలు లేచిపోయి వచ్చాడు. ఏమైందిరా అంటే "ఘోడా జర జారింది" అని నవ్వాడు. ఒక చక్రానికి బ్రేక్ పట్టదంట. ఇటుక అడ్డం పెడతారంట.

నేను ఆ రోజు అన్నం తినలేదు. ఎందుకో నాకే తెలియదు.

నిన్న కింద నుండి నెట్టింది వికాస్. బిహార్ పిల్లగాడు, మా వాని జోడీ. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో.

ఆస్పత్రిలో గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఒకటే మాట. "మౌసీ, ఉస్‌నే ఆగే బోలా. ఆగే ఆగే బోలా."

పై నుండి ఆగే, అంటే ముందుకు అన్నాడు కాబట్టి ముందుకు నెట్టానని.

షో పెట్టిన సేఠ్ అదే పట్టుకున్నాడు. మీ అబ్బాయే నెట్టమన్నాడు, మా తప్పేముంది అంటున్నాడు. మన తెలుగు వాళ్ళేమో వికాస్ అబద్ధం చెప్తున్నాడు, వాని సంగతి చూస్తాం అంటున్నారు.

వికాస్ అబద్ధం చెప్పలేదు.

నా కొడుకు ముందుకూ అనలేదు.

వాడు రెండో తరగతిలో సైకిల్ నేర్చుకుంటుంటే వాళ్ళ నాయన వెనక నుండి "ఆగు, ఆగురా" అని అరిచారు. వాడు ఇంకా జోరుగా తొక్కి కూరగాయల బండిని గుద్దాడు. కొట్టబోతే ఏమన్నాడో తెలుసా? "నువ్వే గద బాపూ, ఆగే ఆగే అన్నవ్." బడిలో అప్పుడే హిందీ నేర్చుకుంటున్నాడు. వాళ్ళ నాయన నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడ్డారు.

అప్పటి నుండి మా ఇంట్లో అదే ఆట. తిన్నది చాలు, ఆగురా అంటే ఇంకో రొట్టె వేసుకునేవాడు.

పనిలో ఆపాలంటే ఎప్పుడూ హిందీలో "రుక్" అనేవాడంట. వికాసే చెప్పాడు. కానీ నిన్న చక్రం స్టేజీ అంచు దాకా వచ్చింది. పై నుండి నరేశ్‌కు కనబడింది, వెనక నుండి నెట్టే వికాస్‌కు కనబడలేదు. భయమైతే మనిషికి ఇంటి మాటే వస్తుంది.

ఆగు అన్నాడు నా బిడ్డ. రెండుసార్లు అన్నాడు. కింద వానికి ఆగే అని వినబడింది. తొందర పెడుతున్నాడనుకుని రెండు చేతులతో నెట్టాడు.

ఆ గ్రౌండ్‌లో మన తెలుగు మాట తెలిసినవాళ్ళు ఒక్కరు లేకపోయారు.

పొద్దున నుండి మా గల్లీ మొదట్లో మన పిల్లలు పదిమంది నిలబడి ఉన్నారు. చేతులు జేబుల్లో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నారు. నాకు వాళ్ళను చూస్తే భయమైతుంది. గ్రౌండ్ నుండి మైక్ చెక్ వినబడుతుంది. ఈ రోజు కూడా షో ఉందంట. ఆ ఘోడా మీద ఇప్పుడు ఎవరి కొడుకు నిలబడ్డాడో.

సాయంత్రం నరేశ్‌ను ఇంటికి తెస్తున్నారు.

వికాస్ వస్తాడు. నేనే రమ్మన్నాను. పాడెకు ఒక భుజం వానిది. వాని మీద చెయ్యి పడితే, ఒక కొడుకు కాదు, ఇద్దరు పోయినట్టు నాకు. గల్లీలో నిలబడ్డ కొడుకులారా, మీకే రాస్తున్నాను. అతనికి దారి ఇవ్వండి.

లైట్లు కట్టే పిల్లలందరికీ ఇంకొక మాట. ఎక్కే ముందు, ఏ మాటకు నిలపాలో కింద వానికి చెప్పి ఎక్కండి. మీ అమ్మ భాష మాట కూడా చెప్పండి.

నరేశూ, ఇన్ని రోజులు అందరి మీదా వెలుగు వేసినవు బిడ్డా. నువ్వు పోయే తొవ్వ చీకటిగా ఉండొద్దు. నిమ్మళంగా పో, నాయనా.