బత్తాయంత నొప్పి

బత్తాయి తొక్కలో గోరు దించగానే సన్నటి తుంపర లేస్తుంది. నిన్న పొద్దున మా నల్లగొండ జిల్లా నకిరేకల్ మార్కెట్లో ఆ తుంపర నా బొటనవేలి మీద ముల్లు గీరిన చోట పడి చుర్రుమంది. వేలు విదిలించుకుంటుంటే భుజం మీద కాయల డబ్బాతో వెళ్తున్న హమాలీ మల్లయ్య ఒక చేత్తో నడుము పట్టుకునే నవ్వాడు. "ఏందే, గింత దానికే గట్ల ఎగురవడితివి?" అన్నాడు. నేను బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, "రేగుపండంత" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆ మాట వెనుక రూతమ్మ సిస్టర్ ఉందని అతనికి తెలిసే వీలు లేదు.

తోటల లెక్క నా పని. కాయ చెట్టు మీద ఉండగానే తోట ఎంత కాపు ఇస్తుందో చూసి చెప్పాలి. ఇది బడిలో ఎవరూ చెప్పిన లెక్క కాదు. ఒక కొమ్మను ఎంచి, దాన్ని బట్టి చెట్టును, చెట్టును బట్టి తోటను అంచనా కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. రైతూ వ్యాపారీ ఇద్దరూ నా మాటకు ఒప్పుకుంటారని నాకు కాస్త గర్వం. కాయ ఎంతుందో మాత్రం నోటితో కాదు, చేత్తో చెప్తాను. తోట ఆ చివరన ఉన్నవాళ్లకు కేక వినపడకపోయినా చెయ్యి కనపడుతుంది. నా వెంట తోటలకు వచ్చే మా పెద్దమ్మాయి శిరీష ఆ చేతి సైగలన్నీ ఆటలాగా పట్టేసింది. వేళ్లను కొద్దికొద్దిగా విప్పుతూ రేగుపండంత, నిమ్మకాయంత, బత్తాయంత అని చూపించేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది, శిరీష రెండో తరగతిలో ఉండగా, ఆమెకు రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో చేర్చాం. మా ఆవిడ చంటిబిడ్డతో ఊళ్లో ఆగిపోయింది, నేను పిల్ల దగ్గర ఉన్నాను. ఆ పిల్లల వార్డుకు పెద్ద నర్సు రూతమ్మ. తిరుమలగిరి వైపు మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వార్డంతా వినపడేది. "మా నాయిన కైకిలి చేసిండు, మా అమ్మ కైకిలి చేసింది. గా కైకిలి మీదనే నేను గీ తెల్లబట్టలు కట్టిన. గీటి మీద మరక వడనిస్తనా?" అని, కూలి చేసి చదివించిన అమ్మానాన్నల గురించి తల ఎత్తి చెప్పుకునేది. ఆమె అలా అంటుంటే వింటున్న మాకు కూడా వీపు నిటారుగా అయ్యేది.

మందు ఎక్కించిన కొన్నాళ్లకు శిరీషకు నోరు పూసింది. పెదవుల లోపల, నాలుక అంచున, గొంతు దాకా పుండ్లే. ఆ మందు క్యాన్సర్ కణాలతో పాటు నోటి లోపలి మెత్తటి పొరను కూడా దెబ్బతీస్తుందనీ, చాలామంది పిల్లలకు ఇలా అవుతుందనీ, రక్తం మళ్లీ పుంజుకునేకొద్దీ మానుతుందనీ డాక్టర్ ఓపికగా వివరించారు. పిల్ల మాత్రం ఉమ్మి మింగలేక గుడ్డ మీదికి కార్చుకునేది. మాట మానేసింది. తోటలో పూత వచ్చిందంటే మాకు పండగ. ఆ మాట వింటేనే చెవులు మూసుకోవాలనిపించే రోజు ఒకటి వస్తుందని నేను అనుకోలేదు.

అదే సమయంలో మా బావమరిది ఊరి నుంచి సంచెడు బత్తాయిలు పంపాడు. జబ్బుపడ్డ మనిషికి బత్తాయి రసాన్ని మించింది మా వైపు లేదు. సంచి భుజాన వేసుకుని వెళ్తే రూతమ్మ తలుపు దగ్గరే ఆపింది.

"ఏంది తమ్మీ గది?"

"బత్తాయిలు సిస్టరమ్మా. మా దిక్కు తోటయి. బెల్లం లెక్కనే ఉంటయి."

"నీ నాలికెకు బెల్లమే. గా పిల్ల నోట్ల పోస్తే నిప్పు. ఎంత తీపిదైనా దాంట్ల పులుపుంటదని బత్తాయి తోటల మనిషివి, నీకు నేను చెప్పాల్నా?" అని, నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "కింద క్యాంటీన్ల ఇయ్యి. నీ పేరు చెప్పుకోని మేం తాగుతం."

ఆ మరునాడు డాక్టర్ ఒక మాట చెప్పారు. రేపటికి కూడా నోటితో ఏమీ దిగకపోతే ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు పట్టాలి, పిల్ల నీరసించకూడదు అన్నారు. అది పిల్ల మంచికే అని నాకు తెలుసు. కానీ పక్క మంచం పిల్లకు గొట్టం వేస్తుంటే చూసిన శిరీష, ఆ మాట వినగానే దుప్పటి తల మీదికి లాక్కుంది. ఎలాగైనా గొట్టం తప్పించాలని చల్లార్చిన రాగి జావ గిన్నెతో కూర్చున్నాను. "ఒక్క చెంచ బిడ్డా, కండ్లు మూసుకోని మింగు" అని బతిమాలాను. తర్వాత గదమాయించాను. చెంచా పెదవికి తగలగానే పిల్ల నా చెయ్యి తోసేసింది. జావ పక్క మీద ఒలికింది.

రూతమ్మ వచ్చి నా చేతిలోని చెంచా తీసుకుంది.

"తమ్మీ, నొప్పి ఎవలకున్నది?"

"ఆమెకే."

"మరి మింగొచ్చని నువ్వెట్ల చెప్తవ్? ఆమెనడుగు."

తనే వంగి, "ఎంతున్నది బిడ్డా నొప్పి?" అని అడిగింది. గోడ మీద నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా వరసగా బొమ్మలున్న పటం ఉంది. దాన్ని చూపించింది. శిరీష అటు చూడనే లేదు. దుప్పటి లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లన్నీ గుండ్రంగా వంగాయి.

"గిదేంది?" అంది రూతమ్మ.

ఆ సైగ నాకు తెలుసు. "బత్తాయంత అంటాంది సిస్టరమ్మా. తోటల మేం గట్లనే చూపిస్తం."

రూతమ్మ ఆ చేతిని కాసేపు చూసింది. నవ్వలేదు, సరిదిద్దలేదు. "సరే, బత్తాయంత. డాక్టరు సారుకు గదే చెప్త, నొప్పి మందు ఇస్తం. నిమ్మకాయంత అయినంక నోరు కడుగుదాం. రేగుపండంత అయితెనే జావ. అయ్యిందా లేదా నువ్వే చెప్పాలె. మీ బాపు చెప్తే నేను ఇనను." దుప్పటి కింద తల ఊగింది.

మందు పడింది. రూతమ్మ మధ్యమధ్య వచ్చి "ఎంత?" అని మాత్రం అడిగి పోయేది. వేళ్లు కొద్దికొద్దిగా ముడుచుకున్నాయి. నిమ్మకాయంత అన్నప్పుడు ఉప్పూ సోడా కలిపిన నీళ్లతో పుక్కిలింపించింది. నేను ఆత్రంగా గిన్నె అందుకుంటే, "ఏం తొందర? కాయ పచ్చిగుండంగనే తెంపుతవా నువ్వు?" అని కసిరింది. చాలాసేపటికి శిరీష బొటనవేలూ చూపుడువేలూ దాదాపు కలిశాయి. ఆ చెయ్యే చెంచా కోసం ముందుకు చాచింది. మొదటి గుటకకు కళ్ల నీళ్లు కారాయి. మింగింది. మళ్లీ నోరు తెరిచింది. మరునాడు గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. డ్యూటీకి వచ్చిన చిన్న నర్సులకు రూతమ్మ గట్టిగా చెప్తుంటే విన్నాను: "మన వార్డుకు కొత్త తక్కెడ వచ్చింది. నల్లగొండ తక్కెడ. తెచ్చింది గీ బిడ్డ." నా తోటల లెక్కను ఎవరెంత మెచ్చుకున్నా నాకు ఆనాటంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత కూడా నోరు పూసింది, మానింది. చికిత్స ముగిసింది. శిరీష ఇప్పుడు ఇంటర్. మొన్న చెకప్‌కు వెళ్లేసరికి రూతమ్మ రిటైరై తిరుమలగిరి వెళ్లిపోయింది. వార్డు తలుపు దగ్గర మాకు ముఖం తెలియని ఒక కొత్త నర్సు, పాలమూరు నుంచి వచ్చిన బాబును అడుగుతోంది: "ఎంత బేటా? రేగుపండంతనా, బత్తాయంతనా?" వాడు రెండు చేతులూ గుండ్రంగా పెట్టి, వేళ్లను బుడిపెల్లాగా వంచాడు. "సీతాఫలమంటాండు మేడం, గరుకుగున్నదట" అంది వాళ్లమ్మ. నర్సు అలాగే రాసుకుంది. మా కొలతలో లేని పండు అది. ఆ బాబు కలుపుకున్నాడు, ఆ కొలత మేము లేకుండానే పెరిగింది.

"చూసినవా బిడ్డా, నీ తక్కెడ" అన్నాను.

"చూపించింది నేనే బాపూ" అంది శిరీష. "నమ్మింది ఆమె."

తోటను ఇప్పటికీ చూడగానే లెక్క చెప్తాను. మనిషి నొప్పిని మాత్రం చూసి చెప్పను. నిన్న మార్కెట్లో నవ్వుతున్న మల్లయ్యను, "నడుమెట్లున్నది?" అని అడిగాను. "ఏముంటదే, ఉంటది" అన్నాడు. "గట్ల కాదు. ఎంత?" అని వేళ్లు కొద్దికొద్దిగా విప్పి చూపిస్తూ మళ్లీ అడిగి, ఆగాను. నవ్వడం మానేశాడు. అటూ ఇటూ చూసి, భుజం మీది డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ మెల్లగా దూరం జరిపాడు. బత్తాయి దాటాడు, సీతాఫలం దాటాడు.

సరే అన్నాను. డబ్బా నేనెత్తుకున్నాను.