అద్దగంట మామ చూసిన రేసు సైకిల్

ఆ రోజుల్లో నాకు సొంత మేనమామ మాట కంటే ఫోనులో కనిపించే ఫొటో మీద నమ్మకం ఎక్కువ. ఇరవయ్యేళ్ల వయసు, గద్వాలలో డిగ్రీ రెండో ఏడు, మూతి మీద కష్టపడి పెంచిన నాలుగు వెంట్రుకలు. మనుషుల్ని అంచనా వేయడానికి నా దగ్గర ఒక సులువైన కొలత ఉండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యమధ్యలో ఇంగ్లిషు కలిపి మాట్లాడితే తెలిసినవాడు. లుంగీ కట్టి, గోళ్లలో గ్రీజు ఉంటే పాపం తెలియనివాడు. ఆ కొలత పట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఇది. నవ్వుతూనే చెప్పాలని మొదలుపెడుతున్నాను, చివరిదాకా నవ్వు నిలుస్తుందో లేదో తెలియదు.

మాది మగ్గం ఇల్లు. నాన్న గుంత మగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు, అమ్మ నూలు కండెలు చుట్టేది. నూలు మూటలు తేవడం, నేసిన చీరలు షావుకారు ఇంటికి చేరవేయడం నా పని. నాన్న పెళ్లినాటి బరువు సైకిలు మీద అలా మోసి మోసి నా కాళ్లు గట్టిపడ్డాయి. కాలేజీల సైకిలు పందెంలో ఆ సైకిలు మీదనే, రేసు సైకిళ్లు తెచ్చుకున్న ఇద్దరి వెనక మూడోవాణ్ణి వచ్చాను. పీటీ సారు నా పిక్కలు నొక్కి చూసి, "కాళ్లున్నయ్‌రా నీకు, సైకిలే లేదు" అన్నాడు. పాలమూరులో జరిగే సెలక్షన్లలో ముందు వస్తే రాష్ట్రం తరఫున తొక్కవచ్చునని, ఆ సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగానికి పనికొస్తుందని కూడా ఆయనే చెప్పాడు. ఆ మాట విన్నాక అమ్మ నన్ను కానిస్టేబుల్‌గానే చూడడం మొదలుపెట్టింది (పక్కింటివాళ్లతో గొడవైతే "మావోడు రానీ చెప్త" అనేది). నాన్న మాత్రం ఒక పట్టుచీర నేసిన కూలి మొత్తం నా చేతిలో పెట్టి, "దీంట్లనే రావాలె. ఇంగ అడగొద్దు" అన్నాడు. కొత్త రేసు సైకిలుకు ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. అందుకే ఫోనులో పాతవాటి వేట మొదలుపెట్టాను.

దొరికింది. వనపర్తిలో ఉంది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, ఎర్ర రంగు. అమ్మే ఆయన హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికి వస్తాడట. ఫోనులో నన్ను 'బ్రో' అన్నాడు. అంతవరకు నన్ను ఎవరూ బ్రో అనలేదు. బేరం అక్కడే సగం అయిపోయింది.

"ఒక్కడివే పోకు, మామను తీస్కపో" అంది అమ్మ. అమ్మ తమ్ముడికి కొత్తకోటలో పంక్చర్ల దుకాణం. అంతకుముందు సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు. అరగంట దాటి ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరంతా వెతికి సైకిలు గుంజుకొచ్చేవాడు కాబట్టి ఆయనకు అద్దగంట మామ అని పేరు పడింది. సైకిలు మెట్ల మీద నుంచి దిగుతున్న చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పగల మనిషి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ ఆదివారం కొత్తకోటలో బస్సు దిగి, లుంగీతో మోపెడ్ మీద సిద్ధంగా ఉన్న మామను చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, 'ప్యాంటు వేసుకుని ఉంటే బాగుండేది' అని.

బ్రో ఇల్లు కొత్త కాలనీలో, పైఅంతస్తు. నున్నటి బండలు, గోడకు వేలాడదీసిన సైకిలు. ఆయన మాకు చల్లటి నీళ్లు ఇచ్చి, గేర్ల గురించి పావుగంట చెప్పాడు. నాకు నాలుగో వంతు అర్థమైంది, నాలుగు వంతులకీ తల ఊపాను. మామ చెప్పులు బయట విప్పి, లుంగీ మడిచి, సైకిలు పక్కన గొంతు కూర్చున్నాడు. చక్రం తిప్పి చెవి పెట్టాడు, పుల్లలను ఒక్కొక్కటే గోటితో మీటాడు. తర్వాత లేచి, "స్టాండ్ లేదు, గంట లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు. సగం సైకిలే ఇస్తుండ్రు సార్, పైసలు గూడ సగమే తీస్కోండ్రి" అన్నాడు. బ్రో నవ్వాడు. ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మామ చమత్కారానికే నవ్వి ఉండవచ్చు. అప్పుడు మాత్రం మా వంశం మొత్తాన్ని చూసి నవ్వినట్టు అనిపించింది.

మామ మళ్లీ వంగాడు. పెడళ్లు కలిసే చోట, అడుగున, సింహం బొమ్మ స్టిక్కర్ ఉంది. దాని మీద బొటనవేలు రెండు మూడుసార్లు రుద్ది, "అల్లుడా, గీడ ఈ బొమ్మ ఎందుకు అతికిచ్చిండ్రో అడుగు. కానరాని కాడ బొమ్మేంది?" అన్నాడు.

"స్టైల్ కోసం అంకుల్" అన్నాడు బ్రో. తర్వాత నా వైపు తిరిగి, "అంకుల్ మీ రిలేటివా బ్రో?" అని అడిగాడు.

దీనికి జవాబు చెప్పడానికి ఒక్క అక్షరం చాలు. నేను మాత్రం, "కాదన్నా. తెలిసిన మెకానిక్. జర చూస్తడని తోల్కొచ్చిన" అన్నాను.

మామ బొటనవేలు స్టిక్కర్ మీద ఆగిపోయింది. 'అల్లుడా' అన్న పిలుపు బ్రో చెవిన పడిందో లేదోనని నేను భయపడుతున్నాను, మామ నిదానంగా లేచి చేతులు తుడుచుకున్నాడు. "అవ్ సార్, మెకానిక్‌నే" అన్నాడు. తర్వాత నాతో, "నాకు తెలిసింది చెప్పిన. ఇంగ మీ ఇష్టం బాబూ" అన్నాడు. నేను పుట్టిన దగ్గర నుంచి నన్ను 'రా' అన్న మనిషి. నాకు నడక నేర్పేటప్పుడు కూడా తిట్టుకుంటూ నేర్పిన మనిషి. మెట్లు దిగి వీధి చివరికి వచ్చేదాకా నన్ను 'మీరు' అనే అన్నాడు. సైకిలు నేను కొన్నాను. బేరం కూడా ఆడలేదు.

బస్టాండు దగ్గర చాయ్ తాగాం. మామ లుంగీ ముడిలో డబ్బుల కోసం చెయ్యి పెట్టి, మళ్లీ తీసేసి, "మెకానిక్ చాయ పైసలు గిరాకే కట్టాలె" అన్నాడు. అని నవ్వాడు. నేనూ నవ్వి డబ్బులు కట్టాను. విషయం అక్కడితో తీరిపోయిందని ఎంత హాయిగా అనుకున్నానో.

పెబ్బేరు మీదుగా గద్వాలకు తొక్కుకుంటూ బయలుదేరాను. వెనక మోపెడ్ మీద, ఆ సన్న పెడళ్ల మీద జారుతున్నాయని నేను విప్పిన చెప్పులు సంచిలో పెట్టుకుని, కృష్ణ వంతెన దాకా మామ వచ్చాడు (లారీలకు నేను కనపడనని ఆయన భయం). వేరుశనగ పీకుతున్న ఆడవాళ్లలో ఒకామె నన్ను చూసి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, గట్ల కిందికి ఎతుక్కుంట పోతున్నవ్?" అని అరిచింది. ఇంటికి చేరాక నాన్న సీటు తడిమి చూసి, "దీని మీద కూసుంటరా, కోసుకుంటరా?" అన్నాడు. మొదటి వారంలోనే టైర్లలో మూడు తుమ్మముళ్లు దిగాయి. గద్వాలలో ఏ దుకాణం పంపూ ఆ టైరు మూతికి పట్టలేదు. నేను సిగ్గు పడకుండా మామకే ఫోన్ చేశాను. ఆయన ఎక్కడో వెతికి, ఇత్తడి ముక్క ఒకటి పంపుకు తగిలేలా సానపట్టి, గద్వాల బస్సు డ్రైవర్ చేతికి ఇచ్చి పంపాడు. అలా రెండు నెలలు ఎర్రవల్లి రోడ్డు మీద తొక్కాను. నిజం చెప్పాలంటే, అంత హాయి నా జన్మలో మళ్లీ ఎరగను.

పాలమూరులో సెలక్షన్ల రోజు పొద్దున ముప్పై మందిమి బయలుదేరాం. సగం దూరానికి ముందున్న నలుగురిలో నేనొకణ్ణి. చిన్న ఎత్తు వస్తే సీటు మీద నుంచి లేచి బలంగా తొక్కాను. కింద నుంచి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. సైకిలు ముందు సగం ఒక దారి, వెనక సగం ఒక దారి పట్టాయి, నేను రోడ్డు పట్టాను. కళ్లు తెరిచేసరికి కుడి భుజం కదలడం లేదు. మిగతావాళ్ల చక్రాలు ఒక్కొక్కటిగా నన్ను దాటిపోతున్నాయి. అవతల మోపెడ్ స్టాండ్ వేసి, లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొస్తున్న మామ కనిపించాడు. వస్తానని నాకు చెప్పలేదు. పొద్దున్నే వచ్చి చెట్టు చాటున నిలబడి, పందెం మొదలయ్యాక మోపెడ్ మీద మా వెనకే వచ్చాడట.

నన్ను పక్కకు జరిపాక, మామ విరిగిన చోట సింహాన్ని గోటితో ఒలిచాడు. పాత పగులు, దాన్ని పూడ్చిన లప్పం, పైన ఎర్ర రంగు. బొమ్మను పక్కన పారేసి, నన్ను దవాఖానకు చేర్చే బండి కోసం రోడ్డు మీదికి పోయాడు. తిట్టినా బాగుండేది.

దవాఖానలో భుజం ఎముకకు ఆపరేషన్ చేసి కడ్డీ వేయాలన్నారు. నర్సమ్మ కాగితం తెచ్చి, "సంతకం ఎవరు పెడతరు? నువ్వు పేషెంటుకు ఏమైతవ్?" అని మామను అడిగింది.

మామ నా వైపు చూశాడు. ముఖంలో నవ్వు లేదు. "మెకానిక్‌ను మేడం" అన్నాడు.

"మెకానిక్ సంతకం చెల్లదు. సొంతమోళ్లు గావాలె."

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. పక్క మంచాల వాళ్లు కూడా. "మా మామ మేడం. మా అమ్మ తమ్ముడు" అన్నాను. ఆ నాలుగు మాటలు చెప్పేసరికి భుజం నొప్పికి ఏడవనివాణ్ణి ఏడ్చాను. మామ కాగితం తీసుకుని, వంకర అక్షరాలతో నిదానంగా సంతకం పెట్టి, "ఏడ్వకురా, కుట్లు గుంజుతయ్" అన్నాడు. కుట్లు ఇంకా వేయనే లేదు.

బ్రోకు ఫోన్ చేస్తే, 'చూసుకునే కొన్నావు కదా బ్రో' అని ఒక్క మెసేజ్ వచ్చింది. అందులో అబద్ధం లేదు. చూడగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లి, ఆయన నోరు మూయించి కొన్నాను. మెత్తటి లోహం, మామూలు వెల్డింగ్ పట్టదని కొత్తకోటలో అందరూ చేతులెత్తేశారు. సైకిలు తూకానికి పోయింది. భుజం అతికింది కానీ మునుపటిలా కాలేదు. సెలక్షన్లు, కానిస్టేబుల్ ఉద్యోగం అన్నీ అక్కడితో సరి. పక్కింటివాళ్లతో గొడవైనప్పుడు అమ్మ నా పేరు చెప్పడం మానేసింది.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తాను. ముప్పై రెండేళ్లకే పొట్ట, బట్టతల రెండూ వచ్చాయి. మామ మా ఇంటికి వస్తాడు, తింటాడు, మా పాపను ఎత్తుకుంటాడు. పోయిన ఏడు కల్వకుర్తిలో ఒక పాత మోటారు సైకిలు ఉందంటే, "ఒకసారి వచ్చి చూస్తవా మామా" అని ఫోన్ చేశాను. "దుకాణం ఇడిసిపెట్టి ఎట్లొస్త అల్లుడా" అన్నాడు. దుకాణం మూసి అప్పటికి రెండేళ్లయింది. అది నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "సరే మామా" అన్నాను.

ఒక్కణ్ణే వెళ్లాను. అమ్మే ఆయన కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఆయన బాగా మాట్లాడుతున్న కొద్దీ నాకు చెమటలు పట్టాయి. కొనకుండానే లేచి వచ్చి బస్సెక్కాను. సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ, మర్యాదస్తుణ్ణి చూస్తే పారిపోయే ఈ బట్టతల మనిషిని తలచుకుంటే, ఊరు వచ్చేదాకా నవ్వు వస్తూనే ఉంది.