కొట్టంలో దొరికిన సీసాలు

ప్రతి మంగళవారం కేసముద్రంలో హనుమాండ్ల గుడికి తమలపాకుల దండ కట్టుకపోయేదాన్ని. "స్వామీ, మా తమ్మునికి మంచి దేహం ఇచ్చినవ్" అని మొక్కేదాన్ని. ఉద్యమం జోరు మీదున్న రోజులు. రైలు పట్టాల మీద కూసున్న పిలగాండ్లల్ల వాని భుజాలే ముందు కనపడేవి. "తెలంగాణ రాంగనే పోలీసు నౌకరి నాదే అక్కా. ఈ ఛాతి కొలిచినోడు ఎట్ల కాదంటడు?" అనేటోడు. నేను మురిసేదాన్ని.

వాడు జిమ్ముకు పోవట్టి ఏడాది. వీపంత మొటిమలు లేస్తే పసుపు రాసిన. మాటకు ముందు కోపమొస్తే వయసు అనుకున్న. కొట్టంల గడ్డి కింద చిన్న మందు సీసాలు దొరికితే, బర్రె పాలు చేపేటందుకు నాయిన తెచ్చిన సూదిమందు అనుకొని ఊడ్చి పెంటల పోసిన. నేను బడికి పోలేదు, నాయిన ఇంట్ల నేర్పిన తెలుగే నాది. సీసాల మీద ఇంగ్లిష్ ఉండె. అడగనీకి చదువెందుకు? అడగలేదు.

వాని కండ్లు పచ్చబడ్డయి. ఒళ్లంత దురద, గోకితే నెత్తురు. పెద్దవంగర దిక్కు కామెర్లకు పసరు పోసే తాత దగ్గరికి తీస్కపోయినం.

"తాగుతడా?" అన్నడు తాత.

"హనుమాన్ భక్తుడు, సుక్క ముట్టడు" అని నేనే జవాబు చెప్పిన. తమ్ముడు తల వంచుకున్నడు. మూడు వారాలు ఉప్పు లేని బువ్వ పెట్టినం. కాళ్లు ఉబ్బినంక మహబూబాబాద్ దవాఖానకు ఉరికినం.

డాక్టరమ్మ వాని భుజాలు చూసింది, కండ్లు చూసింది. "ఏం సూదులు ఏస్కుంటున్నవ్ రా?"

"పాలపొడి తాగుతున్న మేడం, అంతే."

"పాలపొడికి కామెర్లు అయితయా?"

నాకు సీసాలు యాదికొచ్చినయి. పక్కకున్న మా అమ్మను అడిగిన. "అమ్మా, మన బర్రెకు సూది ఎవరేస్తున్నరు?"

"దానికి సూదెందుకే? దూడ ఉన్నది కద, అది మూతి పెడితే చేపుతది!"

తమ్ముడు ఏడ్చిండు. కండలు పెరగనీకి జిమ్ము సారే సూదులు తెచ్చిచ్చిండట.

కాలేయం దెబ్బతిన్నదని, మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నయని డాక్టరమ్మ చెప్పింది. "చేతుల కండ పెరిగిందని మురిసిండ్రు. లోపల గుండె గోడ కూడ మందమైంది, చూసిండ్రా?"

జిమ్ము సారును నిలదీస్తే "నేను పట్టి గుచ్చిన్నా అక్కా?" అని నవ్విండు.

తమ్ముడు బతికిండు. ఆ డాక్టరమ్మకు ఇయ్యాల్టికి దండం పెడుత. తెలంగాణ వచ్చింది, పోలీసు నౌకర్లు పడ్డయి. పది అడుగులు ఉరికితే వానికి ఆయాసం. దరఖాస్తే పెట్టలేదు. బిందె కూడ నేనే ఎత్తుత.

గుడికి ఇంక పోతనే ఉన్న, దండ కడుతనే ఉన్న. ఒక్కటే అడుగుత: అన్ని మంగళవారాలు నీకు మొక్కితిని కద స్వామీ, ఆ దేహం నేనిచ్చింది కాదని ఒక్కసారన్న చెప్పకపోతివి?