రూతమ్మ కోసిన వంకాయ

ఇవాళ పొద్దున నా భార్య లక్ష్మి వంకాయలు కోసి, వాటిని ఉప్పునీళ్లలో వేయడం మరిచి పాలవాడితో మాటల్లో పడింది. వచ్చి చూసేసరికి ముక్కలన్నీ నల్లబడ్డాయి. ఆ పచ్చి వగరు వాసన తగలగానే నాకు వికారాబాద్ ఆస్పత్రి, డాక్టర్ రూతమ్మ గుర్తొచ్చారు.

నేను తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసేవాణ్ణి. నడుం నొప్పికని మొదలుపెట్టిన మత్తు బిళ్లలు, నొప్పి తగ్గినా నన్ను వదల్లేదు. ఏళ్లు గడిచాక అవి లేకపోతే చెమటలు, వణుకు, ఇంట్లోవాళ్ల మీద కసురుడు. నాలాంటివాళ్లకు వైద్యం చేసే రూతమ్మది పూడూరు. సొంత చేలో కాసిన వంకాయను సంచిలో వేసుకొచ్చి మా ముందే కోసేవారు. ఒక ముక్క బల్ల మీద, ఇంకొకటి ఉప్పునీళ్ల గ్లాసులో.

"గాలి తగిలితె గిట్ల నల్లబడుతది. మన ఒంట్ల గూడ గిసొంటిదే నడుస్తది. గీ ఉప్పునీళ్ల లెక్క దాన్ని ఆపే శక్తి ఒంట్లనే ఉంటది. ఏండ్లకేండ్లు గా బిళ్లలు మింగితె గా శక్తి తరుగుతది, కాలేయం, మెదడు దెబ్బతింటయి," అనేవారు. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారని చెప్పి, తామిచ్చే మందు మాత్రం మానొద్దని పంపేవారు.

అందరితో పాటు నేనూ తలూపాను. బస్సెక్కినా కళ్ల ముందు ఆ బల్ల మీది ముక్కే. నల్లబడ్డది నల్లబడ్డట్టే కదా, ఇక నాకు మందెందుకు? ఆస్పత్రికి పోవడం మానేశాను. మళ్లీ పాత బిళ్లలే. లక్ష్మి ఏడ్చింది, తిట్టింది, చివరికి రూతమ్మకు ఫోన్ చేసింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక ఆమె రైలెక్కి మా ఇంటికొచ్చారు. ఎందుకు రావడం లేదని అడిగితే, సిగ్గుతో తల దించుకుని ఉన్నమాట చెప్పాను.

"నల్లబడ్డ ముక్క మల్ల తెల్లగయితదా అమ్మా? నా పని ఐపోయింది."

ఆమె వాకిలి పక్కన నేను మొదలు దాకా కొట్టేసిన వంకాయ చెట్లను చూశారు.

"గవి పీకెయ్యలేదేంది?"

"ముదిరినయని కొట్టేసిన. ఏర్లు మంచిగున్నయి, మల్ల చిగురేస్తయి."

"నేను తప్పు చూపెట్టిన అనంతయ్యా. కోసిన ముక్కకు ఏర్లుండవు. నువ్వు ముక్కవు గాదు, చెట్టువు. అంతా మునుపటి లెక్క అయితదని మాట ఇయ్యలేను. గని మంచిగ మందు వాడి గా బిళ్లలు ఇడిస్తె ఒళ్లు మెల్లగ కోలుకుంటది. రేపు రా."

అంత పెద్ద డాక్టరు మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తప్పు తనదే అంటుంటే నాకు ఏడుపాగలేదు. నా నడుం విరిచిన యజమాని ఆ మాట అనలేదు, బిళ్లలమ్మినవాడూ అనలేదు. మర్నాడు ఆస్పత్రికి పోయాను.

రూతమ్మ ఇప్పుడు లేరు. నా నడుం ఇంకా నొస్తూనే ఉంది. వారానికోసారి ఆ ఆస్పత్రికి పోయి కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర కూర్చుంటాను. వంకాయతో పాటు, కొట్టేశాక చిగురేసిన చెట్టొకటి పాత నూనె డబ్బాలో పెట్టుకుని పోతాను. దానికీ టికెట్ కొట్టాల్నా అని కండక్టర్ నవ్వుతాడు. అక్కడ నేను కోసిన ముక్క నల్లబడ్డాక కొందరు నేనడిగిన మాటే అడుగుతారు. వాళ్ల గురించి నాకు ఫికర్ లేదు. ఏమీ అడగకుండా తలూపేవాళ్లను చూస్తేనే భయం. అలాంటివాడి ఒళ్లో ఆ డబ్బా పెట్టి, "జర పట్టుకో తమ్మీ," అంటాను.