ఇష్టమైతే జతచేయవచ్చు

దరఖాస్తు చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. జిల్లా లెక్కల ప్రతిభా పరీక్ష రాసినవారు ఇష్టమైతే ఆ మార్కులు జతచేయవచ్చు, జతచేయకపోయినా తక్కువగా చూడము, అని. ఆ ‘ఇష్టమైతే’ వారం రోజులుగా కుల్సుంకి అన్నం సహించనివ్వలేదు.

1986 జూన్ నెల. మాచర్ల బస్టాండు వెనక ఆయిలింజన్లు బాగుచేసే ఖాజా మొహిద్దీన్‌కి కుల్సుం ఒక్కతే కూతురు. గుంటూరులో హాస్టలున్న ఆడపిల్లల కాలేజీలో ఇంటరు లెక్కల గ్రూపు చదవాలని ఆ పిల్ల పంతం. అక్కడ ఉన్నవి నలభై సీట్లు. పదో తరగతి లెక్కల్లో కుల్సుంకి తొంభై ఒకటి వచ్చాయి. ప్రతిభా పరీక్షలో యాభై ఏడు. చిక్కంతా ఆ యాభై ఏడుతోనే.

ఆ ఊళ్ళో మార్కులకి ఒకటే కొలత. ముప్ఫై ఐదు దాటితే పాసు, అరవై దాటితే ఫస్టు క్లాసు. అరవైకి ఒక్కటి తగ్గినా పెళ్ళిచూపుల్లో కూడా ‘సెకండ్ క్లాసంట’ అని గొంతు తగ్గించి చెప్పుకొనేవారు. లెక్కల టీచరు ప్రమీలమ్మ ఆ మార్కుల మెమో చూసి మడిచి చేతిలో పెట్టేసింది. అరవై లేని కాగితం పంపితే నేను సెకండ్ క్లాసు దాన్నని నీ చేత్తో నువ్వే రాసిచ్చినట్టు అంది. తల్లి హజ్రా బీ మాట వేరు. ఉన్నది దాస్తే లేనిది కూడా అనుకుంటారని ఆమె భయం.

పొద్దున కవర్లోకి వెళ్ళిన మెమో మధ్యాహ్నానికి బయటికొచ్చేది. అన్నం మెతుకులతో అంటించడం, ఆరకముందే విప్పడం. మూడు కవర్లు చిరిగాయి. నాలుగోది అడిగితే ఖాజా నవ్వి, ఇంజను కూడా ఇన్నిసార్లు ఇప్పి బిగించరే అన్నాడు.

మంగళవారం పొద్దున తెగించి, మెమో లేకుండానే కవరు అంటించి పోస్టాఫీసులో రిజిస్టరు చేసింది. గుమాస్తా ఏలియా రసీదు చించి ఇచ్చాడు. పని అయిపోయిందనుకుంది గానీ ఇంటికొస్తే కాలు నిలవలేదు. మెమోని గుడ్డసంచిలో వేసుకుని, గురజాల పక్క ఇంజను బాగుచేయడానికి వెళ్తున్న తండ్రి వెంట తనూ బస్సెక్కింది.

ఆ ఇంజను యల్లమంద అనే రైతు పొలంలోది. ఇంజను విప్పకముందే ఆయన ఫిర్యాదు మొదలుపెట్టాడు.

“ఏంది బావా ఇది? మా బామ్మర్దీ నేనూ ఒకేరోజు కొన్నాం. ఆడిది కాలవ పారిస్తంది. నాది చెంబుతో పోసినట్టు పోస్తంది.”

ఖాజా నట్లు విప్పుతూనే అడిగాడు. “మీ బామ్మర్ది బావి ఎంత లోతు?”

“ఎనిమిది గజాలుంటదేమో.”

“నీది?”

“పదహారు.”

“మరి ఆడి నీళ్ళతో నీ నీళ్ళు కొలిస్తే ఎట్టా బావా? పదహారు గజాల బావులోళ్ళని అడుగు, ఎంత పోస్తందో.”

గట్టుమీద కూచున్న కుల్సుం చటుక్కున లేచింది. యాభై ఏడుని అందరూ పదో తరగతి మార్కుల పక్కన పెట్టే కొలిచారు. ఆ పరీక్ష రాసిన మిగతావాళ్ళకి ఎన్ని వచ్చాయో ఒక్కరూ అడగలేదు. యల్లమంద కూతురు అన్నపూర్ణ చదివేది ఆ కాలేజీలోనే. సెలవులకి వచ్చి, అన్నం క్యారేజీ తీసుకుని అప్పుడే పొలానికొచ్చింది.

“అక్కా, ప్రతిభా పరీక్షలో నీకెన్ని?”

“నలభై నాలుగు.”

“పంపావా?”

“పంపొద్దని చెప్పేవాళ్ళు లేరుగా మాకు. పంపా. అందులో తప్పు రాస్తే ఉన్న మార్కు కూడా కోస్తారే. చానామందికి నలభై దాటవు. మా క్లాసులో ఒకామెకి డెబ్బై రెండొచ్చాయి. ఆమెని డెబ్బైరెండు అనే పిలుస్తాం, అసలు పేరు ఎవరికీ తెలీదు.”

కుల్సుంకి నవ్వొచ్చింది, వెంటనే పోస్టాఫీసు గుర్తొచ్చింది. కవరు వెళ్ళిపోతోంది. తండ్రి దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పింది. ఖాజా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

“ఇప్పిన ఇంజను వదిలేసి రాలేను బిడ్డా. నువ్వు పో.”

ఒంటరిగా బస్సెక్కడం ఆ పిల్లకి అదే మొదలు. దారి పొడుగునా బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరు మీద పళ్ళు నూరుకుంది.

పోస్టాఫీసులో టపా సంచికి లక్క ముద్ర పడిపోయింది. ఇక దాన్ని తాను విప్పకూడదని ఏలియా చెప్పాడు. ఆ పిల్ల మొహం చూసి, ఇంకో కవరు పంపితే ఎవరు కాదన్నారు, పొద్దుటి రసీదు నంబరు వేసి దానికి కలుపుకోమని రాయి, రేపటి సంచిలో పోతుంది అన్నాడు. కుల్సుం మొదట పేజీడు సంజాయిషీ రాసి చించేసింది. తర్వాత రెండే రెండు ముక్కలు రాసింది.

కవరు అంటిస్తుండగా కృపమ్మ లోపలికొచ్చింది. కుల్సుం క్లాసు పిల్లే. అదే కాలేజీకి దరఖాస్తు, చేతిలో అదే రకం కవరు. ఆమెకి పదో తరగతిలో తనకంటే ఎక్కువొచ్చినా ప్రతిభా పరీక్షలో యాభై నాలుగే వచ్చాయని, ప్రమీలమ్మ ఆమెకీ వద్దనే చెప్పిందని కుల్సుంకి తెలుసు. ఉన్నవి నలభై సీట్లు. నోరు మూసుకుని గడప దాటితే అడిగేవాళ్ళు లేరు. కవరు ఏలియాకిచ్చి గడప దాకా వెళ్ళింది కూడా.

“కృపా, మెమో పెట్టావా?”

“లేదు. టీచరు వద్దన్నారుగా.”

“పెట్టు. తొందరగా పోయి తెచ్చుకో. నేనూ పంపాను.”

కృపమ్మ కదలలేదు. “మనిద్దర్లో ఒకరికే వస్తే?”

కుల్సుం ఆమె కవరు తన చేతిలోకి తీసుకుని గడప వైపు చూపింది. కృపమ్మ బయటికి పరిగెత్తింది. తన పని అయిపోయినా, ఆమె మెమోతో తిరిగొచ్చేదాకా కుల్సుం మెట్ల మీదే నిలబడి ఉంది.

జూలైలో జాబితా వచ్చింది. అందులో కృపమ్మది ముప్ఫై ఎనిమిదో పేరు. కుల్సుంది ఆ కింద, ఖాళీ వస్తే పిలుస్తామన్న వాళ్ళలో మొదటి పేరు. హజ్రా బీ ఆ రోజంతా గిన్నెలు గట్టిగా పెట్టింది. కృపమ్మకి చెప్పకుండా ఉండాల్సింది అని కుల్సుంకి అనిపించిన పూటలున్నాయి. అలా అనిపించలేదని తర్వాతెప్పుడూ బుకాయించలేదు. పదిహేను రోజులు టపా వేళకి వీధిలోకీ ఇంట్లోకీ తిరిగింది.

పదహారో రోజున కార్డు వచ్చింది. ఎవరో చేరలేదట. పెట్టెతో హాస్టల్లో అడుగుపెట్టగానే కృపమ్మ ఎదురొచ్చి, పలకరింపు కూడా లేకుండా నోట్సు చేతిలో పెట్టింది.

“ఇంత ఆలస్యమైతే ఎట్టా? మూడు పాఠాలు అయిపోయినయి. కూచో, రాసుకో.”