శంకరన్న పేరుతో లోపలికి

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, పెళ్ళయ్యాక ఆయనకూ చెప్పలేదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాది నవాబుపేట. వికారాబాద్‌లో కందులు కొనే ఒక సంస్థ ఆఫీసులో కంప్యూటర్ పని. గోదాము తాండూరులో ఉండేది. అక్కడి సర్వర్‌ను శంకరన్న చూసేవాడు. కోట్‌పల్లి మనిషి, గొర్రెలు కాసే ఇంట్లో మొదట చదువుకున్నది ఆయనే. రోజూ పొద్దున నేను ఇక్కడి నుంచే ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి తూకాల వివరాలు తెచ్చుకోవాలి. నా లాగిన్‌తో అన్నీ తెరుచుకునేవి కావు. బతిమాలితే అన్న తనది ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఆయన బిడ్డ పేరు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

మనుషులకైతే చెప్పలేదు. ప్రోగ్రాంకు చెప్పాను. రోజూ అవే కొట్టి కొట్టి విసుగొచ్చి, నా బదులు కొట్టే ప్రోగ్రాం ఒకటి రాశాను. సర్వర్, పేరు అడిగితే అన్న పేరు, పాస్‌వర్డ్ అడిగితే అన్న పాస్‌వర్డ్ కొడుతుంది. మధ్యలో వేరే ప్రశ్న వస్తే ఆగిపోతోందని, ఏదడిగినా 'ఎస్' కొట్టమని కూడా రాశాను. ఏమడుగుతోందో చదవాలని ఎందుకు అనిపించలేదు? బద్ధకమా? తెలివి ఎక్కువైందా? నేను వచ్చేసరికి వివరాలు వచ్చి ఉండేవి. టీ తాగుతూ మురిసిపోయేదాన్ని.

కందుల సీజన్‌లో ఒకరోజు సర్వర్‌లో జాగా నిండిపోయింది. ఫైళ్ళు తుడిచెయ్యమంటావా అని అడిగింది. నా ప్రోగ్రాం 'ఎస్' అంది. తూకాలన్నీ పోయాయి. నకలు కూడా అందులోనే ఉండేది, అదీ పోయింది. రైతులు గోదాము గేటు దగ్గర గొడవకు దిగారు. ఎవరు తుడిచారని చూస్తే శంకరన్న పేరు కనబడింది. తూకాల్లో మోసం చేసి కావాలనే తుడిచాడన్నారు.

ఆ మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు.

"చెల్లే, నా పేరు మీద నువ్వేమన్న లోపలికి పోయినవా?"

"లేదన్నా. నేను పోలే."

"జర యాది చేస్కో. నిన్ను పరేషాన్ చేద్దామని కాదు."

"లేదన్నా."

"సరే తియ్. నువ్వు లేదన్నంక లేదే. మరి నేనే ఏమన్న ఒత్తిన్నో ఏమో."

లోపలికి పోయింది ప్రోగ్రాం కదా, నేను కాదు కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రాసింది ఎవరు? నన్ను నమ్మి, నా మాట మీద తననే అనుమానించుకున్న మనిషిని నిలువునా ముంచాను.

ఆయనను తీసేశారు. ఆయన పని నాకు అప్పజెప్పారు. మొదటి పని, సర్వర్‌లో ఆయన లాగిన్ తీసెయ్యడం. నిజంగా తీసెయ్యమంటావా అని అడిగింది. ఈసారి చదివాను. చదివే 'ఎస్' కొట్టాను, నా చేత్తో.

మొన్న వికారాబాద్ బస్టాండులో ఎవరో ఆ పాస్‌వర్డ్ పేరు పెట్టి ఎవరినో పిలిచారు. తిరిగి చూస్తే శంకరన్న. తల నెరిసింది. కాలేజీ సంచితో ఉన్న అమ్మాయి పరుగున వచ్చి ఆయనతో బస్సెక్కింది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను.

క్షమించమని అడిగే మొహం లేదు. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. శంకరన్నా, ఆ రోజు ఫోన్‌లో నువ్వు అడిగినదానికి జవాబు ఇది. పోయిన అన్నా. నేనే పోయిన.