మైనస్ వస్తే కొట్టేయడమే

కరోనా తర్వాత బళ్లు పూర్తిగా తెరిచిన ఏడాది, దసరా సెలవులు ముగిశాక, నన్ను గుడివాడ నుంచి దివిసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా వేశారు. పేరులో అసిస్టెంట్ ఉంది గానీ ఎవరికీ సహాయకుడు కాదు. హైస్కూల్ తరగతులకు ఒక సబ్జెక్టు భారమంతా మోసే ఉపాధ్యాయుడు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి చోటు. పామర్రులో బస్సు మారి, కూచిపూడి, చల్లపల్లి దాటి బడికి చేరేసరికి సగం ఓపిక అయిపోయేది. మిగతా సగం పదో తరగతి పిల్లలు తీసుకునేవారు.

వర్గసమీకరణాల పాఠం అప్పటికే అయిపోయిందన్నారు. సరే చూద్దామని బోర్డు మీద ఒకటి వేశాను. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు రెండు రెట్లు కలిపితే నలభై ఎనిమిది. ఆ సంఖ్య ఎంత? మధ్యపదాన్ని విడగొట్టి, కారణాంకాలు రాసి, ఆరు, మైనస్ ఎనిమిది అని రెండు మూలాలూ చక్కగా తెచ్చారు. తెచ్చి, తరగతి తరగతంతా మైనస్ ఎనిమిదిని అడ్డంగా కొట్టేసింది.

"ఎందుకు కొట్టేశారర్రా?" అన్నాను.

ముందు బెంచీలోంచి సలోమి లేచింది. "మైనస్ వస్తే కొట్టేయాలండి. ట్యూషన్‌లో చెప్పారు."

సలోమికి బందరు వెళ్లి పాలిటెక్నిక్ చదవాలని కోరిక. తక్కిన సబ్జెక్టులన్నిట్లో గట్టెక్కుతుంది, లెక్కల్లో తప్పుతుంది. పదిలో తప్పితే రొయ్యలు వలిచే షెడ్డులో పెట్టేస్తానని వాళ్ల నాన్న బడికొచ్చి మరీ చెప్పి వెళ్లాడు. అన్నంత పనీ చేసే మనిషే.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లిలో దిగి ఆ ట్యూషన్ మాస్టారిని కలిశాను. కుర్రాడు, మర్యాదస్తుడు. "మాస్టారూ, పరీక్షలో వచ్చేవన్నీ పొలం పొడవూ, మనిషి వయసూ, రైలు వేగమే గదండీ. అవి మైనస్‌లో ఉంటాయా, మీరే చెప్పండి. ఊరికే పిల్లల్ని కంగారు పెట్టకండి" అని టీ ఇప్పించాడు. ఒళ్లు మండిపోయింది. టీ మాత్రం బాగుంది.

మర్నాటి నుంచి నాకు అదే పని. మైనస్ ఎనిమిదిని ప్రశ్నలో పెట్టి సరిచూపించాను. వర్గం అరవై నాలుగు, అందులోంచి పదహారు పోతే నలభై ఎనిమిది. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మళ్లీ కొట్టేశారు.

"సరిపోయింది గదమ్మా!" అన్నాను సలోమితో.

"సరిపోయిందండి. కానీ ఒక లెక్కకి రెండు జవాబులేంటండీ?"

నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి సుద్దముక్క పక్కన పడేసి అడిగాను. "చల్లపల్లి సెంటర్‌కి ఐదు కిలోమీటర్ల దూరంలో బస్సు ఆగిపోయింది. ఎక్కడుంది?"

"అవనిగడ్డ వైపా, బెజవాడ వైపా అండి?"

"నేను చెప్పలేదుగా."

"చెప్పకపోతే ఎటైనా ఉండొచ్చు గదండీ."

"హమ్మయ్య! ఇదీ అంతే. సున్నాకి ఎటువైపో ప్రశ్న చెప్పకపోతే రెండూ ఉంచాలి."

వెంటనే పొలం లెక్క కూడా వేశాను. వెడల్పు కంటే పొడవు రెండు మీటర్లు ఎక్కువ, వైశాల్యం నలభై ఎనిమిది చదరపు మీటర్లు. అచ్చం అదే సమీకరణం, అవే మూలాలు. కానీ వెడల్పు మైనస్ కాదు కాబట్టి ఇక్కడ మాత్రం కొట్టేయాలని వివరించాను. అందరూ తలలూపారు. తలలూపడంలో మా పిల్లలకు తిరుగులేదు.

పబ్లిక్ పరీక్షల్లో లెక్కల పేపరు అయిన మర్నాడు సలోమి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది. "సంఖ్యల లెక్క వచ్చిందండి. అలవాటుగా మైనస్ కొట్టేశాను. మళ్లీ ప్రశ్న చూస్తే ఎటువైపో చెప్పలేదు. పక్కనే తిరిగి రాశానండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "శభాష్. మరి అదే పేపర్లో వచ్చిన పొలం లెక్క?"

"దాన్లోనూ రెండూ ఉంచేశానండి."

"పొలం వెడల్పు మైనస్సా? ఎటు నిలబడి కొలుస్తావమ్మా దాన్ని?"

"అదే గదండీ, ఎటువైపో చెప్పలేదు!"

నుదురు కొట్టుకున్నాను.

ఆ లెక్కలో మార్కు పోయే ఉంటుంది. అయినా సలోమి అంచు మీద గట్టెక్కింది. షెడ్డుకు కాకుండా బందరుకే వెళ్లింది. ట్యూషన్ మాస్టారు కొట్టేయమంటే అన్నిట్లోనూ కొట్టేశారు. నేను బస్సు చూపిస్తే అన్నిటికీ బస్సెక్కారు. సమీకరణం సాధించడం నేర్పవచ్చు, అదేమంత కష్టం కాదు. జవాబు వచ్చాక ప్రశ్న ఇంకోసారి చదవడాన్ని మాత్రం విడిగా, వేరే పాఠంగా నేర్పాలి. టైమ్ టేబుల్‌లో దానికి పీరియడ్ లేదు.